వేసవి చివర మోంటానా నదులు, ట్రౌట్ చేప

జులై నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకు, తెలుగు నేలపై కృష్ణా గోదావరులు ఎర్రనీటితో ఒడ్లొరసి పారుతున్న రోజుల్లోనే, అమెరికా వాయవ్య భాగాన రాకీ పర్వతాల నడుమ విస్తరించిన మోంటానా రాష్ట్రపు నదులు నీరు తీసి, అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటిగా కనిపించేంత తేటగా, పగటి ఎండకు గంటగంటకూ వేడెక్కుతూ ప్రవహిస్తాయి. ఆ నదుల్లో పెరిగే ట్రౌట్ అనే చల్లనీటి చేపను, ఈకలతోనూ దారంతోనూ కట్టిన కృత్రిమ కీటకాన్ని ఎరగా చూపి పట్టే పద్ధతికి ఫ్లై ఫిషింగ్ అని పేరు. ఏటా వేసవిలో ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనాన్ని చూడడానికి వెళ్లేవారిలో అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉంటాయి. ఆ ఉద్యానవనపు రహదారుల పక్కన మోకాలిలోతు నీటిలో నిలబడి, పొడవైన కర్రతో తాడును గాలిలో ముందుకూ వెనక్కూ ఊపుతున్న మనుషులు వారిలో చాలామంది కంట పడే ఉంటారు. ఆ మనుషులు ఆగస్టులో తెల్లవారేసరికే నదికి ఎందుకు చేరుకుంటారు, మధ్యాహ్నం రెండు గంటలు కొట్టేలోగా ఎందుకు ఒడ్డెక్కుతారు అన్నది ఈ ప్రసంగానికి విషయం.

ఈ నదులకు ఆధారం కొండలమీది మంచు. చలికాలమంతా శిఖరాలపై పేరుకున్న మంచు మే, జూన్ నెలల్లో కరిగినప్పుడు నదులు బురదనీటితో పోటెత్తి, కొన్ని వారాలపాటు గాలం వేయడానికి వీలులేకుండా పరుగెడతాయి; జులై నాటికి వరద తీసి నీరు తేరుకుంటుంది; ఆగస్టు వచ్చేసరికి నదికి మిగిలేది ఎత్తైన లోయల్లో నీడపట్టున కరగకుండా నిలిచిన కొద్దిపాటి మంచు, భూమిలో ఇంకి నెమ్మదిగా ఊటలుగా బయటపడే నీరు మాత్రమే. అందుచేత చలికాలంలో మంచు ఎంత పడింది, వసంతంలో ఎంత త్వరగా కరిగింది అన్న రెండు విషయాలు ఆగస్టు నాటి నది తీరును చాలావరకు ముందే నిర్ణయిస్తాయి. ఈ ప్రసంగంలో ఎక్కువగా వినిపించే మాడిసన్ నది, ఎల్లోస్టోన్ ఉద్యానవనంలో ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు ఏరుల కలయికతో పుట్టి, హెబ్గెన్ అనే జలాశయంలోకి చేరి, దాని కింద 1959 ఆగస్టు 17 రాత్రి వచ్చిన భూకంపంలో కొండచరియ విరిగిపడి ఏర్పడిన క్వేక్ సరస్సును దాటి, ఉత్తరంగా సాగి, త్రీ ఫోర్క్స్ అనే ఊరివద్ద జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరీ మహానదిగా మారుతుంది. ఆ మూడు పాయలకు అప్పటి అమెరికా అధ్యక్షుడు, ఇద్దరు మంత్రుల పేర్లు పెట్టినవారు 1805లో ఆ దారిన వెళ్లిన లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు. తూర్పుగా ప్రవహించే ఎల్లోస్టోన్ నది మాత్రం సుమారు 1,100 కిలోమీటర్ల పొడవునా పెద్ద జలాశయం ఏదీ అడ్డులేకుండా పారుతుంది.

ట్రౌట్‌కు తన శరీరాన్ని వెచ్చగానో చల్లగానో ఉంచుకునే శక్తి లేదు. నీటి వేడి ఎంతో దాని ఒంటి వేడి దాదాపు అంతే. నీరు 13 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు అది బాగా తింటుంది, బాగా పెరుగుతుంది. 20 డిగ్రీలు దాటితే దాని శరీరం ఒత్తిడికి లోనవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంటే చచ్చిపోతుంది. ఇందుకు కారణం వేడి ఒక్కటే కాదు, ఆ వేడితోపాటు నీటిలో తగ్గిపోయే ప్రాణవాయువు కూడా. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను తనలో కరిగించుకోగలదు. అదే నీరు 20 డిగ్రీలకు చేరితే ఆ మోతాదు 9.1 మిల్లీగ్రాములకు, 25 డిగ్రీలకు చేరితే 8.3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న హెబ్గెన్ ప్రాంతంలో గాలి పలచన గనుక ఈ అంకెల్లో మరో ఐదోవంతు తగ్గుతుంది. మరోవైపు నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అవసరం పెరుగుతున్న గంటల్లోనే దొరకడం తగ్గిపోతుంది గనుక, ఆగస్టు మధ్యాహ్నం ట్రౌట్ మేత మానేసి, నీరు రాళ్లమీద పడి నురగలు కక్కే చోట్లకో, చల్లని ఉపనది వచ్చి కలిసే మూలకో చేరి, కదలకుండా మొప్పలు ఆడిస్తూ ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి బోధపడితే వేసవి చివరి వేట పద్ధతులన్నీ, చట్టాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక పద్ధతి మాటకొస్తే, తెలుగు పల్లెల్లో చెరువు గట్టున కూర్చుని వేసే గాలంలో వానపాము ఎర, బెండు, సీసపు గుండు ఉంటాయి. ఎర బరువూ గుండు బరువూ కలిసి తాడును నీటిలోకి లాక్కుపోతాయి. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువే ఉండదు. కొక్కెం చుట్టూ ఈకలు, బొచ్చు, దారం కట్టి తయారుచేసిన ఆ ఫ్లై, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. అందువల్ల బరువును తాడుకే ఇచ్చారు: లావైన, నున్నని పూత గల తాడును కర్ర వంపుతో గాలిలో చాచి విసిరితే, దాని చివర కట్టిన సన్నని నైలాన్ దారం మెల్లగా విచ్చుకుని, ఫ్లైని నీటిమీద చప్పుడు లేకుండా దించుతుంది. పురాతనమైన విద్య ఇది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో జాలరులు కొక్కేనికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి, నీటిమీద వాలే కీటకంలా చూపి చేపలు పట్టేవారని రాశాడు. ఈ విద్యతో భారతదేశానికీ ఒక సంబంధం ఉంది. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడమీద పసుపుపచ్చగా మెరిసే మైనపు చుక్కల ఈకలను, పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో సాల్మన్ చేపల కోసం కట్టే ఫ్లైలకు తప్పనిసరి అలంకారంగా వాడేవారు. ఆ పక్షికి ఇప్పుడు భారత చట్టం రక్షణ కల్పిస్తున్నది, ఆ ఈకలు కావలసినవారు విదేశాల్లో పెంచిన పక్షుల నుంచి తెచ్చుకుంటున్నారు.

వేసవి చివర నదిమీద మంచి గంటలు తెల్లవారుజామువి. పర్వత ప్రాంతపు రాత్రి చలికి నీరు బాగా చల్లబడి, సూర్యోదయం వేళకు రోజు మొత్తంలో అతి తక్కువ వేడికి దిగుతుంది. ఆ వేళ నీటిమీద జరిగే ప్రధాన సంఘటన ట్రైకో అనే అతి చిన్న కీటకపు సమూహ మరణం. ఇది మేఫ్లై జాతికి చెందినది. మేఫ్లై అంటే జీవితంలో అత్యధిక భాగం నది అడుగున రెక్కలు లేని పురుగుగా గడిపి, చివర నీటి పైకి వచ్చి రెక్కలు విప్పుకుని, మరొకసారి చర్మం వదిలి, జతకట్టి, గుడ్లుపెట్టి, ఏమీ తినకుండానే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయే కీటకం. ట్రైకో పొడవు 3 నుంచి 6 మిల్లీమీటర్లు మాత్రమే. నల్లని ఒళ్లు, గాజులాంటి తెల్లని రెక్కలు. ఎండ కాస్త పొడవగానే ఇవి తొలకరి వానకు లేచే ఉసిళ్లలాగా నదిమీద మబ్బుగా లేచి, పైకీ కిందికీ ఊగుతూ జతకడతాయి. గాలి వేడి 20 డిగ్రీలకు దగ్గరవుతుండగా గుడ్లు వదిలి, రెక్కలు అటూ ఇటూ పరచుకుని నీటిమీద రాలిపోతాయి. ఎండ ముదిరిన రోజుల్లో ఇదంతా ఎనిమిది గంటలకే ముగిసిపోవచ్చు; మబ్బుపట్టిన రోజున పది దాటవచ్చు.

ఆ సమయంలో నిదానంగా పారే నీటిని దగ్గరగా చూస్తే, ఒక మోస్తరు ట్రౌట్ నీటి పైపొరకు జానెడు లోతులో నిలబడి, ముక్కును మాత్రం పైకెత్తి, వచ్చిన కీటకాన్ని వచ్చినట్టే లోపలికి పీల్చుకుంటుంటుంది. దాని మూతి చుట్టూ ఏర్పడే వలయం రూపాయి బిళ్లకంటే పెద్దదిగా ఉండదు, నీరు తొణికిన చప్పుడు కూడా వినిపించదు. కీటకాలు వందలుగా కొట్టుకొస్తున్నాయి గనుక ఆ చేప పక్కకు కదిలి ఒక్కదానికోసం శ్రమ పడదు. అందువల్ల ఫ్లై సరిగ్గా దాని మూతి దారినే, అది మూతి తెరిచే వేళకే, ప్రవాహంతో సమానమైన వేగంతో రావాలి. తాడు ఏమాత్రం లాగినా ఫ్లై నీటిమీద గీత గీస్తుంది. చేప అనుమానించి దిగిపోతుంది. మిల్లీమీటరులో ఎనిమిదోవంతు మందం గల దారం, చిటికెన వేలి గోటిమీద మూడు నాలుగు పట్టేంత చిన్న కొక్కెం, తేటనీటిలో పడే మనిషి నీడ, ఇవన్నీ కలిసి ఈ వేటను మోంటానా వేసవిలో అతి కష్టమైనదిగా చేస్తాయి. చేపల సంఖ్యతో దీన్ని కొలవకూడదు. చేప ఎలా మేస్తున్నదో అరగంటసేపు కదలకుండా చూసినవారికి నది గురించి తెలిసేది, పది చేపలు తొందరగా పట్టినవారికి తెలియదు.

సరస్సులో అదే ఉదయం మరో రకంగా గడుస్తుంది. వెస్ట్ ఎల్లోస్టోన్ పట్టణానికి చేరువలో ఉన్న హెబ్గెన్ జలాశయం మీద, గాలి లేవకముందు, ట్రైకోలతోపాటు కాలిబేటిస్ అనే మచ్చల రెక్కల మేఫ్లై కూడా పుడుతుంది, రాలుతుంది. నదిలో మేత చేప దగ్గరికి కొట్టుకొస్తుంది. సరస్సులో ప్రవాహం లేదు గనుక చేపే మేత దగ్గరికి వెళ్లాలి. అందుచేత రెయిన్‌బో, బ్రౌన్ అనే రకాల ట్రౌట్లు నీటి పైపొర కింద వరుసగా ఈదుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటిగా కీటకాలను మింగుతూ పోతాయి. ఆ మింగే చప్పుడు నిశ్శబ్దమైన ఉదయాన దూరం నుంచి కూడా గుటకలాగా వినిపిస్తుంది గనుకనే వాటికి స్థానికులు గల్పర్లు అని పేరు పెట్టారు. నడుముకు తొడుక్కుని తేలే గాలితిత్తి లాంటి చిన్న పడవలో కూర్చున్న వేటగాడు, చేప రెండు మూడుసార్లు తల ఎత్తిన చోట్లను బట్టి అది పోతున్న దిక్కును, మింగుడుకూ మింగుడుకూ మధ్య దూరాన్ని అంచనా వేసి, అది తరువాత చేరబోయే చోట ఫ్లైని ముందే దించి వేచి ఉండాలి. పదకొండు గంటల వేళకు పడమటి గాలి లేచి నీరు అలలు కట్టగానే ఆ వేట ఆ రోజుకు ముగుస్తుంది.

నదిమీద మాత్రం ఆ గాలే మరో మేతను తెస్తుంది. ఆగస్టులో ఒడ్డున గడ్డి ఎండి పసుపుబారుతుంది. మిడతలు బలిసి రెక్కలు వచ్చిన దశలో ఉంటాయి. రాత్రి చలికి బిగుసుకుపోయిన వాటికి ఎండ తగిలి చురుకుదనం వచ్చేసరికి పది, పదకొండవుతుంది. ఆపై గాలివిసురుకు అవి నీటిలో పడి కాళ్లు కొట్టుకుంటాయి. ట్రైకోలను ఏరుకుని తినే చేపే మిడత పడితే ఒక్క ఉదుటున పైకి లేచి పట్టుకుంటుంది, ఎందుకంటే ఒక మిడతలో ఉన్న ఆహారం కొన్ని వందల ట్రైకోలకు సమానం. ఎల్లోస్టోన్ నది పారడైజ్ వ్యాలీ అనే వెడల్పాటి లోయలో గడ్డిమైదానాల అంచులు కోసుకుంటూ పారే చోట ఈ వేట ప్రసిద్ధి. పడవలో పోతూ, ఒడ్డుకు మూరెడు దూరంలో, కాస్త చప్పుడయ్యేలాగే ఫ్లైని పడవేస్తారు. ఆ చప్పుడే చేపను పిలుస్తుంది. ఎండాకాలపు వాన వెలిసిన మధ్యాహ్నాల్లో రెక్కల చీమలు రాలడం కూడా ఉంటుంది గాని, అది ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు. మిడతల వేట ఆకర్షణ ఎంతటిదైనా, అది జోరందుకునే వేళా నీరు ప్రమాదకరంగా వేడెక్కే వేళా పక్కపక్కనే ఉన్నాయి.

నీటి వేడి ఉదయం నుంచి ఎక్కుతూ పోయి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. సూర్యుడు వాలినా నీటి వేడి వెంటనే దిగదు, అర్ధరాత్రి దాటాకనే చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. సాయంత్రం చల్లగా ఉంటుంది గనుక వేటకు మంచిదని సామాన్యంగా అనిపించే భావం ఆగస్టులో తప్పుదారి పట్టిస్తుంది; అప్పటి చల్లదనం గాలిది, నీటిది కాదు. ఈ లెక్కమీదనే మోంటానా రాష్ట్రపు మత్స్య, వన్యప్రాణి శాఖ ఒక నిబంధన అమలు చేస్తున్నది: ఏదైనా నదిలో నీరు వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 22.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, ఆ నదిభాగంలో మధ్యాహ్నం రెండు గంటల నుంచి అర్ధరాత్రి వరకు చేపలు పట్టడం నిషేధించవచ్చు. దీనికి హూట్ ఔల్ నిషేధమని వాడుక పేరు. కార్చిచ్చుల భయంతో వేసవిలో కలప కూలీలు గుడ్లగూబలు కూసే తెల్లవారుజామునే పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించే ఆనవాయితీ నుంచి ఆ పేరు వచ్చింది. ఎల్లోస్టోన్ ఉద్యానవనం లోపల విధించే నిషేధం మరికాస్త పొడవైనది. అది మధ్యాహ్నం రెండు నుంచి మరునాటి సూర్యోదయం దాకా సాగుతుంది.

చట్టం గీసిన ఈ గీత చేప పక్షాన చూస్తే ఆలస్యంగా పడుతున్నదనే చెప్పాలి. 22.8 డిగ్రీలకు, అదీ మూడు రోజులు వరుసగా చేరేదాకా చేప సుఖంగా ఉంటుందనుకోకూడదు; 20 డిగ్రీలు దాటినప్పటి నుంచే అది ఆక్సిజన్ కోసం పెనుగులాడుతుంటుంది. కాబట్టి నిషేధ ప్రకటన కోసం ఎదురుచూడకుండా, దారానికి కట్టిన చిన్న ఉష్ణమాపకాన్ని నీడలో, పారే నీటిలో ఒక నిమిషంపాటు ముంచి, ముల్లు 19 దాటి 20కి చేరువ కాగానే కర్ర విప్పేసేవారే ఈ విద్యకు న్యాయం చేస్తున్నవారు. వందల డాలర్ల కర్రలు, తాడు చుట్టే చక్రాలు కొనే వేటగాడి సంచిలో ఈ పరికరం లేకపోతే తక్కినవన్నీ ఉన్నా లోటే.

ఒకే రోజున ఒకే ప్రాంతంలోని నీళ్లన్నీ ఒకే వేడితో ఉండవు. ఫైర్‌హోల్ ఏటిలోకి వేడినీటి ఊటలు, గీజర్లు, అంటే భూమి లోపలి వేడికి ఉడికి పైకి చిమ్మే నీటిధారలు, ఏడాది పొడవునా కలుస్తుంటాయి. జూన్ మొదట్లో, సెప్టెంబరు చివర హాయిగా ఉండే ఆ ఏరు నడివేసవిలో ట్రౌట్ బతకలేనంత వెచ్చనై, చేపలన్నీ దానిలో కలిసే చల్లని పిల్లకాలువల మూతుల దగ్గర గుంపుకడతాయి. అలా గుంపుకట్టిన చేపలను పట్టడం అతి సులువు, అతి అన్యాయం కూడా. మాడిసన్ దారిలో దిగువన ఉన్న ఎన్నిస్ జలాశయం లోతు లేనిది. ఎండ అడుగుదాకా తగిలి నీరంతా వేడెక్కుతుంది గనుక దాని కిందిభాగపు నది ఆగస్టులో వేటకు పనికిరాదు. ఇందుకు పూర్తిగా భిన్నమైనది బిగ్‌హార్న్ నది. 1967 ప్రాంతంలో పూర్తయిన ఎల్లోటెయిల్ అనే ఎత్తైన ఆనకట్ట తన జలాశయపు లోతుల్లోంచి వదిలే నీరు నడివేసవిలోనూ చల్లగా ఉండి, ఆ కింద కొన్ని మైళ్లు ట్రౌట్‌కు ఆశ్రయమిస్తుంది. లివింగ్‌స్టన్ పట్టణ సమీపాన పశువుల క్షేత్రాల్లోంచి పారే ఆర్మ్‌స్ట్రాంగ్, డిప్యూ, నెల్సన్ అనే ఊట కాలువలు కూడా భూగర్భజలంతో నిండేవి కనుక వేసవి చలికాలాల భేదం అంతగా ఎరగవు. రోజుకు ఇంతమంది అని రుసుము తీసుకుని అక్కడ వేటకు అనుమతిస్తారు. తక్కిన నదుల్లో అలాంటి రుసుము లేదు. 1985లో చేసిన చట్టం ప్రకారం, ఒడ్డు భూమి ఎవరిదైనా, న్యాయంగా నదిలోకి దిగిన మనిషికి వరదనీరు సాధారణంగా చేరే గీత వరకు నడిచే హక్కు మోంటానాలో ఉంది. ఆ రాష్ట్రం తన ప్రజలకు ఇచ్చిన గొప్ప హక్కుల్లో ఇదొకటి.

వేడి, తక్కువ నీరు కలిసి ఎంత పని చేయగలవో 2016 ఆగస్టులో ఎల్లోస్టోన్ నది చూపింది. పర్వత శ్వేతమత్స్యం, అంటే మౌంటెన్ వైట్‌ఫిష్ అనే ట్రౌట్ బంధువు జాతి చేపలు వేలాదిగా చచ్చి ఒడ్లకు కొట్టుకొచ్చాయి. మూత్రపిండాలను ఉబ్బించే ఒక పరాన్నజీవి ఇందుకు కారణమని తేలింది. అది నీటి అడుగున రాళ్లకు అంటుకుని బతికే బ్రయోజోవా అనే అతి చిన్న జంతువుల గుంపుల్లో పెరిగి, అక్కడి నుంచి చేపలోకి ప్రవేశిస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ దాని బలం పెరుగుతుంది, చేప బలం తగ్గుతుంది. ఆగస్టు 19న రాష్ట్ర ప్రభుత్వం గార్డినర్ నుంచి లారెల్ దాకా 183 మైళ్ల నదిని, అందులో కలిసే ఉపనదులను, వేటకే కాక పడవలకు, ఈతకు కూడా మూసివేసింది. పడవ నడిపేవారికి, దారి చూపేవారికి, వసతి గృహాలవారికి ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ వారాల్లోనే వస్తుంది, వారు నష్టపోయారు. అయినా ఒక పడవ అడుగుకు అంటుకున్న నీరు మరో నదికి ఆ జబ్బును మోసుకుపోగలదు గనుక ఆ నిర్ణయం సరైనదే.

నదిలో నీరు తగ్గడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. పశువుల మేతకు పండించే గడ్డి పొలాలకు ఆగస్టులోనే నీరు కావాలి, ఆ హక్కులు వందేళ్ల పైబడినవి. బిగ్ హోల్ నదిలో, అమెరికా ప్రధాన భూభాగపు నలభై ఎనిమిది రాష్ట్రాల్లో నదీ ప్రవాహంలోనే జీవించే ఆర్కిటిక్ గ్రేలింగ్ చేపకు చివరి సహజ నివాసాల్లో ముఖ్యమైన చోట, 2006లో మొదలైన ఒక ఒప్పందం కింద పశుపోషకులు ఎండ ముదిరిన రోజుల్లో తమ కాలువల తూములు కొంతమేర దించి, నదికి నీరు వదులుతున్నారు. బదులుగా, ఆ చేపను అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చినా వారిపై అదనపు ఆంక్షలు పడవని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కృష్ణా డెల్టా చివరి భూముల్లో నీటి వంతుల గొడవలు ఎరిగిన శ్రోతలకు, పంట ఎండే వేళ తూము దించడానికి ఒప్పుకోవడం ఎంతటి మాటో వేరుగా చెప్పనక్కరలేదు.

పట్టిన చేపను తిరిగి నదిలో వదిలే ఆచారం ఇక్కడ బలంగా ఉంది. దాని వెనుక ఒక శాస్త్రపరమైన కారణం కూడా ఉంది. రిచర్డ్ విన్సెంట్ అనే శాస్త్రవేత్త 1960ల చివర మాడిసన్ నదిమీద చేసిన అధ్యయనంలో, కృత్రిమంగా పెంచి వదిలిన చేపలు నదిలో పుట్టిన చేపలకు మేలు చేయకపోగా వాటిని తగ్గిస్తున్నాయని తేలింది. 1974లో మోంటానా తన నదుల్లో ట్రౌట్ పిల్లలను వదలడం మానివేసింది. ఈ రోజు ఆ నదిలో ఉన్న ట్రౌట్ దాదాపుగా అక్కడే పుట్టి పెరిగినది. చచ్చిన చేప స్థానంలో మరొకటి తెచ్చి వేసేవారు లేరు. అయితే వదిలిన చేపలన్నీ బతుకుతాయనుకోవడం సరికాదు. కొక్కేనికి పడి పెనుగులాడిన చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని తీర్చుకోవడానికి ఆక్సిజన్ కావాలి. 21, 22 డిగ్రీల నీటిలో ఆ ఆక్సిజన్ చాలినంత లేదు. అలాంటి చేప చేతిలోంచి జారి చురుగ్గానే ఈదుకుపోతుంది, కొన్ని గంటల తర్వాత ఎవరూ చూడని మడుగులో వెల్లకిలా తేలుతుంది. అందుకే వేటగాడు సన్నని దారం ఓర్చుకోగలిగినంత బలంతో లాగి చేపను త్వరగా దగ్గరికి తెచ్చుకోవాలి; ముందుగా చేతులు తడుపుకోవాలి, ఎందుకంటే పొడిచేయి దాని ఒంటిమీది జిగురుపొరను తుడిచేస్తే ఆ చోట బూజు పడుతుంది; చేపను నీటిలోనే ఉంచి, నొక్కులు లేని కొక్కేన్ని వేళ్లతో వెనక్కి తిప్పి తీయాలి; తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా తోక మొదలును పట్టుకుని, తనంతట తాను చేతిని తోసుకుని పోయేదాకా ఆగాలి. ఫొటో కోసం దాన్ని గాలిలో ఎత్తి పట్టుకునే అర నిమిషం, అప్పుడే పరుగుపందెం ముగించిన మనిషి ముక్కు నోరు మూసిన అర నిమిషమే.

ఎల్లోస్టోన్ సరస్సులో మాత్రం ఒక చేప విషయంలో నియమం తిరగబడుతుంది. 2,357 మీటర్ల ఎత్తున, సుమారు 350 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఉన్న ఆ సరస్సు వేసవి చివరనూ చల్లగానే ఉంటుంది. అక్కడి ముప్పు వేడి నుంచి కాదు. ఎవరో తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్ అనే పరాయి చేప అక్కడ ఉన్నట్టు 1994లో బయటపడింది. అది లోతున తిరిగే పెద్ద చేప, స్థానికమైన కట్‌త్రోట్ ట్రౌట్‌ను తింటుంది. కట్‌త్రోట్ ఏటా గుడ్లు పెట్టడానికి పిల్లకాలువల్లోకి ఎక్కుతుంది గనుక ఎలుగుబంట్లకు, నీటికుక్కలకు, చేపలను వేటాడే డేగలకు ఆహారమయ్యేది. లేక్ ట్రౌట్ లోతులోనే గుడ్లు పెడుతుంది గనుక వాటిలో దేనికీ అందదు. అందువల్ల అక్కడ కట్‌త్రోట్‌ను పట్టినవారు విధిగా వదలాలి, లేక్ ట్రౌట్‌ను పట్టినవారు విధిగా చంపాలి. ఏటా వలలతో లక్షల సంఖ్యలో వాటిని తీసివేసే పని కొనసాగుతున్నది, కట్‌త్రోట్ మెల్లగా కోలుకుంటున్నది.

సెప్టెంబరు మొదటి వారాలు దాటాక రాత్రులు పొడవై, కొండలమీద కొత్త మంచు కనబడి, నీటి వేడి దిగడం మొదలవుతుంది. నిషేధాలను ఒక్కొక్క నదిమీదుగా ఎత్తివేస్తారు. మిడతలు మొదటి గట్టి మంచు రాత్రి దాకా ఉంటాయి. ఉదయపు నీరు ఇప్పుడు చేప మందగించేంత చల్లన గనుక వేటగాళ్లు తాపీగా బయలుదేరి పదకొండు తర్వాత నదికి చేరతారు. మబ్బుపట్టిన మధ్యాహ్నాల్లో బేటిస్ అనే బూడిదరంగు చిన్న మేఫ్లైలు లేస్తాయి. హెబ్గెన్ జలాశయంలో వేసవి గడిపిన పెద్ద బ్రౌన్ ట్రౌట్లు గుడ్లు పెట్టడానికి మాడిసన్ నదిలోకి ఎక్కి, ఉద్యానవనపు సరిహద్దు దాటి ఎగువకు పోతాయి. అక్టోబరు నెలలో ఆడచేప తోకతో గులకరాళ్లను తుడిచి గుంట చేస్తుంది; చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య ఆ చోటు తెల్లగా, శుభ్రంగా, బల్లెడు వెడల్పున కనిపిస్తుంది. ఆ రాళ్ల సందుల్లో ఉన్న గుడ్లు చలికాలమంతా అక్కడే ఉండి వసంతం నాటికి పిల్లలు కావాలి గనుక, నదిలో నడిచేవారు ఆ తెల్లని మచ్చలను దూరం నుంచే గుర్తించి, వాటిని తొక్కకుండా చుట్టు తిరిగి పోవాలి.